కౌంటర్ దగ్గర కాపలా

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు హింసాత్మక వీడియో గేములు అమ్మినా, అద్దెకిచ్చినా వెయ్యి డాలర్ల దాకా జరిమానా వేస్తామని కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో చట్టం చేసింది. అలాంటి గేము డబ్బా మీద రెండంగుళాల చదరంలో 18 అంకె కనిపించాలని కూడా షరతు పెట్టింది. పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివిన శాసనసభ్యుడు లీలాండ్ యీ ప్రతిపాదించిన ఆ చట్టం మీద గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ అక్టోబరులో సంతకం పెట్టారు. కొత్త సంవత్సరం నుంచి అమల్లోకి రావాల్సి ఉండగా డిసెంబరులోనే ఫెడరల్ కోర్టు దాన్ని నిలిపేసింది. ఆరేళ్ల వ్యాజ్యం తర్వాత, 2011 జూన్ 27న, సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. ఒక్క రోజు కూడా నడవని చట్టం అది. ఈ ఘట్టాన్ని కొందరు భావప్రకటన స్వేచ్ఛ గెలుపుగా చెప్పుకుంటారు, మరికొందరు పిల్లల్ని వ్యాపారుల దయకు వదిలేసిన రోజుగా తలుచుకుని బాధపడతారు. కోర్టులో ఎవరు గెలిచారన్న దానికన్నా 2000 తర్వాతి పదేళ్లలో దుకాణాల కౌంటర్ల దగ్గర జరిగిన మార్పు ముఖ్యమని నేను అనుకుంటాను. పిల్లల చేతికి ఆ గేములు అందకుండా చాలా మేరకు ఆపిన పని అక్కడ జరిగింది. దాన్ని చేసింది శిక్ష కాదు, క్రమం తప్పకుండా జరిగిన తనిఖీ.

ఈ భయానికి మూలం కనీసం 1976 నాటిది. ఎగ్జిడీ అనే కంపెనీ డెత్ రేస్ అనే నాణేల ఆటయంత్రాన్ని విడుదల చేసింది. తెర మీద పరుగెత్తే బొమ్మల మీదికి కారు తోలితే అవి సమాధి గుర్తులుగా మారిపోయేవి. ఇప్పటి కళ్లతో చూస్తే నాలుగు తెల్ల గీతలు. అయినా దేశమంతటా పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 1982లో మసాచుసెట్స్‌లోని మార్ష్‌ఫీల్డ్ పట్టణం ఆటయంత్రాలనే నిషేధించింది, ఆ నిషేధం 2014 దాకా సాగింది. 1982లోనే దేశ ముఖ్య వైద్యాధికారి ఎవరెట్ కూప్ ఈ ఆటలు పిల్లలకు చేటు చేస్తున్నాయని ఒక సభలో అన్నారు. తన మాటకు శాస్త్రీయ ఆధారం లేదని ఆ వెంటనే ఆయనే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఆందోళన ముందు పుట్టడం, ఆధారం కోసం తర్వాత వెతుక్కోవడం అమెరికాకు కొత్త కాదు. నేర కథల పత్రికల మీద న్యూయార్క్ తెచ్చిన చట్టాన్ని 1948లోనే సుప్రీంకోర్టు కొట్టేసింది. 1954లో సెనేట్ కామిక్ పుస్తకాల మీద విచారణ జరిపితే, చట్టం రాకుండా తప్పించుకోవడానికి ప్రచురణకర్తలే తమకొక నియమావళి రాసుకున్నారు. అది ఎంత కఠినంగా తయారైందంటే, పెద్దలు చదివే కామిక్స్ కూడా చాలావరకు కనుమరుగయ్యాయి.

1993లో గేముల వంతు వచ్చింది. ఆ సెప్టెంబరులో మోర్టల్ కాంబాట్ ఇళ్లలోని టీవీలకు చేరింది. ఓడిన శత్రువు గుండె పెరికేయడం, తలను వెన్నెముకతో సహా లాగేయడం ఆ ఆటలో గెలుపు గుర్తులు. నింటెండో కంపెనీ తన యంత్రంలో రక్తాన్ని తీయించి చెమట చుక్కలు పెట్టించింది. పోటీ కంపెనీ సెగా మాత్రం ఒక రహస్య సంకేతం నొక్కితే రక్తం కనిపించే ఏర్పాటు ఉంచింది. పిల్లలు సెగా వైపే ఎగబడ్డారు. ఈ వివరాన్ని తేలిగ్గా దాటేయకూడదు. పరిశ్రమలో ఒక్కరే నిగ్రహం పాటిస్తే నష్టపోయేది ఆ ఒక్కరేనని దీంతో తేలిపోయింది. అందరికీ వర్తించే కట్టడి లేనిదే ఎవరూ నిలబడరు. డిసెంబరు 9న సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ విచారణ పెట్టి, మీరే రేటింగులు పెట్టుకోకపోతే మేం పెడతామని పరిశ్రమకు గడువు ఇచ్చారు. 1994 సెప్టెంబరులో ఈఎస్ఆర్‌బీ అనే రేటింగు సంస్థ పుట్టింది. ఎవరైనా ఆడదగిన గేములకు కే-ఏ, టీనేజీ వారికి టీ, పదిహేడేళ్లు నిండిన వారికి ఎం, పెద్దలకు మాత్రమే అన్నవాటికి ఏఓ. ఆ ఏడాది వచ్చిన మోర్టల్ కాంబాట్ రెండో భాగంలో నింటెండో కూడా రక్తం ఉంచింది. డబ్బా మీద హెచ్చరిక ఉంటే పెద్దల ఆటను కోసేయాల్సిన పని లేదని అప్పటికి దానికి అర్థమైంది.

డబ్బా మీద అక్షరం పడింది గానీ ఆ అక్షరాన్ని కౌంటర్ దగ్గర చూసేవారే లేకపోయారు. 1999 ఏప్రిల్‌లో కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు పదమూడు మందిని కాల్చి చంపారు. వాళ్లు డూమ్ అనే కాల్పుల గేము ఆడేవారన్న వార్త దేశాన్ని కుదిపేసింది. అధ్యక్షుడు క్లింటన్ కోరిక మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దర్యాప్తు చేసి 2000 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. కమిషన్ పరిశీలించిన 118 ఎం రేటింగు గేముల్లో 83ను కంపెనీలు పదిహేడేళ్లలోపు వారినే గురిపెట్టి ప్రచారం చేశాయి. అంటే పిల్లలకు తగదని తామే ముద్ర వేసి, మళ్లీ ఆ పిల్లలకే అమ్మచూపాయి. కమిషన్ ఇంకో పని కూడా చేసింది. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లల్ని తోడు లేకుండా దుకాణాలకు పంపి, ఎం గేము కొనమంది. నూటికి 85 మంది కొనుక్కొచ్చారు. స్వీయ నియంత్రణ మీద ఇంతకు మించిన అభిశంసన నాకు కనిపించదు.

ఆ కోపంలోనే చట్టాలు పుట్టుకొచ్చాయి. ఇండియానాపొలిస్ నగరం, సెయింట్ లూయిస్ కౌంటీ, వాషింగ్టన్, ఇల్లినాయ్, మిషిగన్, మినెసోటా, లూసియానా, ఓక్లహోమా, కాలిఫోర్నియా. ఒక్కటీ కోర్టులో నిలవలేదు. ఇండియానాపొలిస్ కేసులో 2001లో న్యాయమూర్తి రిచర్డ్ పోస్నర్ రాసిన తీర్పు మిగతా కోర్టులకు దారి చూపింది. హింస అనే ఊసే తెలియకుండా పద్దెనిమిదేళ్ల దాకా పెంచి, ఆ మర్నాడు ఓటరుగా లోకంలోకి పంపితే ఆ పిల్లవాడు తట్టుకోలేడన్నది ఆయన వాదనలో సారం. కాలిఫోర్నియా కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి ఆంటొనిన్ స్కాలియా దాన్ని మరింత ముందుకు తీసుకెళ్లారు. అశ్లీలతకు సంబంధించి పిల్లల విషయంలో 1968 నుంచి వేరే కొలమానం ఉంది, హింసకు అలాంటి సంప్రదాయం అమెరికా చట్టంలో ఏనాడూ లేదన్నారు. పిల్లలకు మనం చదివించే గ్రిమ్ కథల్లో దుష్ట రాణి ఎర్రగా కాలిన చెప్పులు తొడుక్కుని చచ్చేదాకా గెంతుతుందని, ఒడిస్సీలో వీరుడు ఒంటికన్ను రాక్షసుడి కన్ను పొడిచేస్తాడని గుర్తుచేశారు.

ఈ తీర్పు మీద వచ్చిన అభ్యంతరాల్లో బలమైనదాన్ని న్యాయమూర్తి స్టీఫెన్ బ్రేయర్ తన అసమ్మతి తీర్పులో లేవనెత్తారు. పదమూడేళ్ల బాలుడికి నగ్న చిత్రం అమ్మడం నేరం. అదే బాలుడు తెర మీద ఒక స్త్రీని కట్టేసి, హింసించి, చంపే గేము కొంటే నేరం కాదు. ఇదేం తర్కం? ఈ ప్రశ్నకు మెజారిటీ తీర్పు సంతృప్తికరమైన జవాబు ఇచ్చిందని నేననుకోను. సంప్రదాయం లేదనడం చరిత్ర చెప్పే మాట, అందులో నీతికి జవాబు దొరకదు. పుస్తకంలో చదవడం, తన వేలితో తానే చంపడం ఒకటేనా అని న్యాయమూర్తి శామ్యూల్ అలీటో వ్యక్తం చేసిన సందేహమూ కొట్టిపారేయదగ్గది కాదు. అయినా చట్టం రాసిన తీరు తప్పని ఆయనే తేల్చారు. అక్కడే కాలిఫోర్నియా చిక్కుకుంది. ఏది హింసాత్మక గేము అన్నదానికి అశ్లీలత కేసుల నుంచి అరువు తెచ్చుకున్న నిర్వచనం పెట్టింది. మైనర్లలో వికృత ఆసక్తిని రేపేది, సమాజ ప్రమాణాలకు విరుద్ధమైనది, సాహిత్య, కళా విలువ లేనిది. ఒక గేమును ఆసాంతం ఆడటానికి ముప్ఫై, నలభై గంటలు పట్టొచ్చు. అందులో విలువ ఉందో లేదో దుకాణదారు ఏ ఆధారంతో తేల్చాలి? తేల్చలేని వాడు భయపడి అన్నిటికీ 18 ముద్ర కొడతాడు, లేదా దేనికీ కొట్టడు. భయంతో అతిగా కత్తిరించుకోవడమే కామిక్స్‌కూ జరిగింది.

శాస్త్రం సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. గేములు ఆడినవారిలో కాసేపు దూకుడు ఆలోచనలు పెరుగుతాయని క్రెయిగ్ ఆండర్సన్ వంటి పరిశోధకులు చూపారు. ఆ ప్రభావం చాలా చిన్నదని, బగ్స్ బన్నీ కార్టూన్లు చూసినా అంతే వస్తుందని కోర్టు అంది. అమెరికన్ మనస్తత్వవేత్తల సంఘం 2020లో చేసిన తీర్మానం దూకుడుతో స్వల్ప సంబంధాన్ని ఒప్పుకుంది గానీ, హత్యల వంటి నిజ హింసకు గేములే కారణమనడానికి చాలినంత ఆధారం లేదని స్పష్టం చేసింది. కాల్పులు జరిగిన ప్రతిసారీ గేముల వైపు వేలు చూపేవారు ఈ తేడాను దాచిపెడుతున్నారు. అలాగని పదేళ్ల పిల్లవాడు గ్రాండ్ తెఫ్ట్ ఆటో వంటి ఎం గేము ఆడితే ఏం పోయిందనడం కూడా తప్పే. నేరస్థుడు కాకపోయినంత మాత్రాన ఆ వయసుకు అది తగినదైపోదు. తల్లిదండ్రులకు తెలిసి, వాళ్లే కొనివ్వాలన్న కోరికకు హత్యల గణాంకాలతో పని లేదు.

ఆ కోరిక నిజంగా ఎక్కడ నెరవేరిందో చూద్దాం. ట్రేడ్ కమిషన్ తన రహస్య కొనుగోలు పరీక్షను ఆపలేదు. ఎం గేము కొనుక్కుని బయటికి రాగలిగిన పిల్లలు 2000లో నూటికి 85 మంది. 2003లో 69. ఆ తర్వాతి పరీక్షల్లో 42, 2008లో 20, 2010లో జరిపి 2011 వసంతంలో ప్రకటించిన పరీక్షలో 13. ఈ పదేళ్లలో పైన చెప్పిన చట్టాలన్నీ కోర్టుల్లో ఆగిపోయో, కొట్టేయబడో ఉన్నాయి. జరిమానా కట్టే భయం ఏ గుమస్తాకూ లేదు. అయినా వయసు ధ్రువపత్రం అడగడం అలవాటైంది, బార్‌కోడ్ కొట్టగానే వయసు చూడమని యంత్రమే గుర్తుచేసే ఏర్పాటు పెద్ద దుకాణాల్లో వచ్చింది. చట్టాల బెదిరింపు లేకపోతే పరిశ్రమ కదిలేదా అని అడగొచ్చు. కదిలేది కాదని నేనూ ఒప్పుకుంటాను, 1993లో సెనేటర్ల గడువు లేకపోతే ఈఎస్ఆర్‌బీయే లేదు. కానీ బెదిరింపు ఒక్కటే చాలుతుందనుకుంటే మిగతా సరుకుల లెక్క చూడండి. అదే 2010 పరీక్షలో సంగీత సీడీలు నూటికి 64 మంది పిల్లలకు, ఆర్ రేటింగు సినిమా డీవీడీలు 38 మందికి, థియేటర్ టికెట్లు 33 మందికి దొరికాయి. రాజకీయ నాయకులు వాటినీ తక్కువేం తిట్టలేదు. కొలత ఉండటం, ఆ కొలతను ఏ గొలుసు దుకాణం ఎంత అమ్మిందో తేలేలా జనం ముందు పెట్టడం, దాన్ని బట్టి దుకాణం కదలడం, ఈ మూడూ కలిసింది గేముల దగ్గరే.

జర్మనీని చూపించి వాదించేవారున్నారు. ఎర్ఫుర్ట్ పాఠశాలలో 2002లో జరిగిన కాల్పుల తర్వాత ఆ దేశం రేటింగులకు చట్టబద్ధత ఇచ్చింది. బ్రిటన్ 2012లో యూరప్ రేటింగైన పెగీకి అదే చేసింది. అక్కడ స్వేచ్ఛ కూలిపోలేదు కదా అంటారు. నిజమే, కూలిపోలేదు. అయితే ఆ దేశాల్లో గేము దుకాణానికి చేరకముందే ఒక సంస్థ దానికి వయసు నిర్ణయిస్తుంది, అమ్మేవాడు అంకె చూసి నడుచుకుంటాడు. నిర్వచనం చేతిలో పెట్టి ఊహించుకోమనలేదు. వాళ్ల రాజ్యాంగాలు అందుకు దారి ఇస్తాయి, అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ ఇవ్వదు. ప్రైవేటు రేటింగుకు జరిమానా తగిలించిన ప్రతిచోటా అక్కడి కోర్టులు అడ్డుపడ్డాయి. జర్మనీ పద్ధతిలో మనం నేర్చుకోవాల్సింది ముందుగా వేసే రేటింగు, అమెరికా నుంచి నేర్చుకోవాల్సింది దాని మీద తనిఖీ.

మనం అన్నానంటే కారణం ఉంది. అమెరికా భయానక కామిక్స్ మీద పుట్టిన ఆందోళన బ్రిటన్‌లో 1955లో చట్టమైతే, మరుసటి ఏడాదే మన పార్లమెంటు ఇరవై ఏళ్లలోపు వారికి హానికర ప్రచురణలు అమ్మకుండా చట్టం చేసింది. అది అచ్చు పుస్తకాలకే పరిమితం. సినిమాకు 1952 చట్టం ఉంది, పెద్దలకు మాత్రమే అని చెప్పే ‘ఏ’ సర్టిఫికెట్ ఉంది. గేముల్ని వయసును బట్టి అమ్మాలన్న ప్రత్యేక చట్టం మాత్రం మనకు లేదు. 2019లో రాజ్‌కోట్ పోలీసులు పబ్‌జీ అనే ఫోన్ గేము ఆడిన కుర్రాళ్లను అరెస్టు చేశారు. 2020 సెప్టెంబరులో కేంద్రం పబ్‌జీని నిషేధించింది, చూపిన కారణం దేశ భద్రత. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ మీద పడ్డాయి. 2025లో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించింది. ఇన్నిటిలో పన్నెండేళ్ల పిల్లవాడి చేతికి ఏ గేము వెళ్లొచ్చన్న ప్రశ్నకు సూటి జవాబు దొరకలేదు.

పైగా అమెరికాలో పనిచేసిన ఆ కౌంటర్ ఇప్పుడు అక్కడా పలచబడింది, మన దగ్గర అలాంటి తనిఖీ ఎన్నడూ లేదు. విజయవాడలోనైనా, వరంగల్‌లోనైనా పిల్లవాడికి గేము వచ్చేది ఫోన్లోని యాప్ దుకాణం నుంచి, అదీ చాలాసార్లు ఉచితంగా. రేటింగు అంకె అక్కడా ఉంటుంది. ఫోన్ నాన్న పేరు మీద, ఖాతా అమ్మ పేరు మీద ఉంటే ఆ అంకె ఎవరినీ ఆపదు. మళ్లీ 2000 నాటి పరిస్థితే ఇది, ముద్ర ఉంది, అడిగేవారు లేరు. కాబట్టి కేంద్ర ఐటీ శాఖ కొత్త నిషేధాల ముసాయిదాలు రాసే ముందు, ఏటా పిల్లల వయసుతో ఖాతాలు తెరిపించి ఏ యాప్ దుకాణం పెద్దల గేమును నూటికి ఎన్నిసార్లు ఇచ్చిందో పరీక్షించాలి. కుటుంబ ఫోన్లలో తల్లిదండ్రుల అనుమతి అడిగే ఏర్పాటు నిజంగా పనిచేస్తోందో లేదో కూడా అదే పరీక్షలో చూడాలి. ఆ ఫలితాలను కంపెనీల పేర్లతో సహా తెలుగుతో పాటు అన్ని భాషల్లో ప్రచురించాలి.