కరువు కొలతతో తుపాను నష్టం

రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ, దుర్గకొండల కింద పరుచుకున్న పొలాల్లో వాన అందరికీ ఒకలా పడినా నష్టం అందరికీ ఒకలా ఉండదు. రాతికొండ మీద పడిన నీరు ఆగకుండా గెడ్డల్లోకీ చెరువుల్లోకీ దిగుతుంది. మెరక మడి ఒక పూటలో తేరుకుంటే, పల్లపు మడి వారం రోజులు నీటిలో నానుతుంది. చంపావతి నుంచి నాగావళి, వంశధారల దాకా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వరి కథ చాలావరకు ఇదే. జూలై, ఆగస్టుల్లో ఉభాలు (నాట్లు) ముగించుకున్న వరి అక్టోబరులో పొట్ట మీద ఉంటుంది, నవంబరు చివర కోతకొస్తుంది. బంగాళాఖాతం అదుపు తప్పేదీ చాలాసార్లు ఆ రోజుల్లోనే. 2013 అక్టోబరులో పైలిన్, ఆ వెంటే కుండపోత వానలు. మరుసటి ఏడాది అక్టోబరు 12న హుద్‌హుద్. 2018 అక్టోబరు 11న తిత్లీ. 2021 సెప్టెంబరు 26న గులాబ్. ఇలాంటి చోట పంటల బీమా న్యాయంగా ఉందా అంటే మన దగ్గర చర్చ వెంటనే ప్రీమియం ఎవరు కట్టాలన్న దాని మీదకి పోతుంది. అసలు తిరకాసు కొలతలో ఉంది. నష్టాన్ని కొలిచే పద్ధతి కరువు నేలల్లో పుట్టి పెరిగింది. దాన్నే తెచ్చి తుపాను నేల మీద పరిచారు.

బీమా లేని కాలంలో ఈ ప్రాంతపు రైతుకి ఆసరా మరీ తక్కువ. 1802 నాటి శాశ్వత శిస్తు ఒప్పందంలో జమీందారు కుంఫిణీకి కట్టే పేష్కష్ ఏటా ఒకటే, పంట పండినా ఎండినా. రైత్వారీ జిల్లాల్లో పంట పోతే సర్కారు శిస్తులో మాఫీ ఇచ్చే ఆనవాయితీ కొంతైనా ఉండేది. ఇక్కడ అది జమీందారు దయ. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చేదాకా పరిస్థితి అదే. ఈలోగా బీమా ఆలోచన మరోచోట మొలిచింది. మైసూరు సంస్థానంలో జె.ఎస్. చక్రవర్తి 1915లోనే వర్షపాతం ఆధారంగా పంటల బీమా పథకాన్ని ప్రతిపాదించి, 1920లో దాన్ని పుస్తకంగా తెచ్చారు. వాన తక్కువైతే పరిహారం అన్నది దాని సారం. అనావృష్టి నేలకి అది తగిన ఆలోచనే. స్వాతంత్య్రం వచ్చాక మొదటి ప్రయోగం 1972లో గుజరాత్ పత్తి రైతులతో మొదలైంది. ఆ ప్రయోగం మన రాష్ట్రం సహా కొన్ని చోట్లకి విస్తరించింది. ఒక్కొక్క రైతు నష్టాన్నీ విడిగా లెక్కకట్టారు. అది ముగిసేనాటికి 3,110 మంది రైతుల నుంచి వచ్చిన ప్రీమియం 4.54 లక్షల రూపాయలు, చెల్లించిన పరిహారం 37.88 లక్షలు. ఆ దెబ్బతో ఆర్థికవేత్త వి.ఎం. దండేకర్ 1976లో సూచించిన దారి అందరికీ నచ్చింది: రైతుని కాదు, ప్రాంతాన్ని కొలవాలి. ప్రాంతం సగటు దిగుబడి పడిపోతే అక్కడ బీమా ఉన్న అందరికీ ఒకే నిష్పత్తిలో పరిహారం ఇవ్వాలి. 1985 నాటి సమగ్ర పంటల బీమా, 1999-2000 రబీ నుంచి జాతీయ వ్యవసాయ బీమా, 2016 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమా అన్నీ ఆ పునాది మీద లేచినవే. దేశంలో తొలి వాతావరణ బీమా ప్రయోగం కూడా 2003లో మహబూబ్‌నగర్ మెట్టలో జరిగింది, మళ్ళీ కరువు నేలలోనే.

కరువు ఊరంతటినీ దాదాపు ఒకేలా కాలుస్తుంది కాబట్టి అక్కడ సగటు నిజానికి దగ్గరగా ఉంటుంది. వరద అలా కాదు, గట్టు గట్టుకీ తేడా. ఆంధ్రప్రదేశ్ ఒక మంచి పని చేసింది: 2005 నుంచి జిల్లా ప్రధాన పంటకి ఊరినే యూనిట్‌గా తీసుకోవడం మొదలుపెట్టింది. మండలం సగటుతో పోలిస్తే ఇది పెద్ద మెరుగే. అయినా ఆ ఊరి దిగుబడి తేల్చే తీరు చూడండి. సర్వే నంబర్ల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో పొలాన్ని ఎంచుతారు. మళ్ళీ లాటరీ అంకెల ప్రకారమే పొలం మూల నుంచి ఇన్ని అడుగులు పొడవుకి, ఇన్ని వెడల్పుకి నడిచి మేకు కొడతారు. అయిదు మీటర్లు పొడవు, అయిదు మీటర్లు వెడల్పు తాడు కట్టి, లోపలి వరి కోసి, నూర్చి, తూకం వేస్తారు. ఊరికి ఇలాంటి పంట కోత ప్రయోగాలు నాలుగు. నాలుగూ కలిపితే వంద చదరపు మీటర్లు, అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఊరి వరి మొత్తం తలరాత చాలావరకు ఆ రెండున్నర సెంట్లలో తేలుతుంది. లాటరీలో నాలుగూ మెరక మడులే వస్తే పల్లపు రైతుకి ఆ ఏడాది నష్టం జరగనట్టే.

ఇంతకన్నా లోతైన లోపం హామీ దిగుబడి లెక్కలో ఉంది. గత ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల సగటు తీసి, దాన్ని బీమా శాతంతో గుణిస్తారు. వాస్తవ దిగుబడి దానికన్నా ఎంత తగ్గితే అంత నిష్పత్తిలో పరిహారం. రెండు చెడ్డ ఏళ్లని వదిలేయడం న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఏడేళ్లలో నాలుగు దెబ్బలు తిన్న ఊరి సంగతేమిటి? అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక ఊళ్లో మెరుగైన అయిదేళ్లూ ఎకరాకి 24, 24, 23, 22, 22 బస్తాలు. సగటు 23, ఎనభై శాతం మీద హామీ 18.4 బస్తాలు. తుపాన్లు పదేపదే తాకిన పక్క ఊళ్లో మెరుగైన అయిదేళ్లలోనూ రెండు దెబ్బతిన్నవే: 24, 23, 22, 14, 12. సగటు 19, హామీ 15.2. ఈ ఏడాది రెండు ఊళ్లలోనూ 12 బస్తాలే వచ్చాయనుకోండి. మొదటి ఊరికి బీమా మొత్తంలో సుమారు 35 శాతం అందుతుంది, రెండో ఊరికి 21. ఎక్కువసార్లు మునిగిన ఊరికి తక్కువ రక్షణ. దీని మీద మరో పొర ఉంది. బీమా శాతం 70, 80, 90 అని మూడు రకాలు. ముప్పు తక్కువున్న చోట 90, ఎక్కువున్న చోట 70. ఎవరికి గొడుగు ఎక్కువ కావాలో వాళ్లకి చిన్నది ఇచ్చే ఏర్పాటు ఇది.

దీనికి బీమా రంగం నుంచి వచ్చే జవాబు తీసిపారేయదగ్గది కాదు. ముప్పు ఎక్కువున్న చోట 90 శాతం హామీ ఇస్తే ప్రీమియం రేటు కొండెక్కుతుంది, పైగా హామీ ఎంత ఎక్కువైతే పంట మీద శ్రద్ధ అంత తగ్గుతుంది అంటారు. రెండో మాట ఊరి సగటుకి వర్తించదు. ఒక్క రైతు శ్రద్ధ తగ్గిస్తే ఊరి సగటు పడిపోదు, తన పంటే పోతుంది. మొదటి మాట నిజమే, కానీ ఆ రేటు కట్టేది ప్రధానంగా రైతు కాదు. ఫసల్ బీమాలో ఖరీఫ్ ఆహార పంటలకి రైతు వాటా 2 శాతం, రబీకి 1.5 శాతం. మిగిలినది కేంద్రం, రాష్ట్రం పంచుకునే ప్రజాధనం. ప్రజాధనంతో నడిచే పథకంలో ముప్పు ఎక్కువున్న వాడికి ఎంత రక్షణ ఇవ్వాలన్నది కంపెనీ గణాంకం ఒక్కటే తేల్చేది కాదు, అది ప్రభుత్వాల విధాన నిర్ణయం. రైతు రైతునీ విడిగా కొలవడం అసాధ్యమన్న వాదనకి గుజరాత్ అనుభవం సాక్ష్యం, ఒప్పుకోవాల్సిందే. అయితే 1970ల నాటికి ఉపగ్రహాల సాయం లేదు. 2023 ఖరీఫ్ నుంచి వరి దిగుబడి అంచనాలో ఉపగ్రహ ఆధారిత లెక్కకి కనీసం 30 శాతం బరువు ఇస్తున్నారు. మబ్బుల మీంచి కూడా నేలని చూడగల రాడార్ చిత్రాలున్నాయి. ఊరి మెరకనీ పల్లాన్నీ రెండు భాగాలుగా విడదీయడానికి ఇవి చాలు.

తుపాను నేలకి తగని కొలతకి 2018 ఒక పాఠం. ఆ ఏడాది సవరించిన ఫసల్ బీమా మార్గదర్శకాలు, నీటిని తట్టుకునే పంటలన్న లెక్కతో వరి, జనపనార, గోగు, చెరకు పంటల ముంపుని, పొలం వారీగా నష్టం చూసే స్థానిక విపత్తుల జాబితా నుంచి తీసేశాయి. వరికి నీరు ఇష్టమన్నది నిజమే, కానీ గింజ పట్టే వేళ కంకి దాకా మునిగితే వరి నిలవడం కష్టం. అదే ఏడాది అక్టోబరులో తిత్లీ వచ్చింది. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ తప్పు దిద్దుకుని, 2026 ఖరీఫ్ నుంచి వరి ముంపునీ, అడవి జంతువుల వల్ల నష్టాన్నీ చేర్చుతున్నట్టు ప్రకటించింది. పార్వతీపురం మన్యంలో ఏనుగులతో వేగుతున్న రైతులకి రెండోదీ అవసరమే. ఇక కోసిన పనలు పొలంలో ఆరుతుండగా తడిస్తే 14 రోజుల వరకు పరిహారం పొందే నిబంధన ఉంది, కానీ దాన్ని రాష్ట్రం నోటిఫై చేస్తేనే వర్తిస్తుంది. పంట కోత ప్రయోగం నిలబడ్డ చేనుని కొలిచి వెళ్లాక పనలు తడిస్తే ఆ నష్టం ఆ కొలతలో ఉండదు.

ప్రీమియం సంగతికి వస్తే, మన రాష్ట్రం 2019లో ఉచిత బీమా తెచ్చింది, 2020లో కేంద్ర పథకం నుంచి తప్పుకుంది, 2022లో తిరిగి చేరింది, 2024-25 రబీ నుంచి రైతు వాటా మళ్ళీ పెట్టింది. ఈ మార్పుల్లో డబ్బు ఎవరి జేబులోంచి వెళ్లాలన్నది మారింది తప్ప రెండున్నర సెంట్లు మారలేదు, హామీ దిగుబడి లెక్క మారలేదు. కౌలు రైతు కష్టమూ మారలేదు. 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డుకి భూ యజమాని సమ్మతి కావాలి. ఆ సంతకం దొరకని వాడికి ఏ కొలతా అక్కరకి రాదు.

ప్రభుత్వం వెంటనే చేయగలిగినవి మూడున్నాయి. తుపాను జిల్లాల్లో బీమా శాతాన్ని 90కి పెంచాలి. ప్రకటిత విపత్తు సంవత్సరాలు రెండైనా నాలుగైనా హామీ దిగుబడి లెక్కలోంచి తీసేయాలి. నాట్లకి ముందే ప్రతి ఊరి హామీ దిగుబడినీ, కోతలయ్యాక నాలుగు ప్రయోగాల తూకాలనీ గ్రామ సచివాలయం గోడ మీద అతికించాలి. రైతులు చేయాల్సింది ఒకటి: ప్రయోగం తేదీ ముందే అడిగి తెలుసుకుని తూకం దగ్గర నిలబడండి, స్థానిక విపత్తుకి పంట దెబ్బతింటే 72 గంటలు దాటకుండా ఫిర్యాదు నమోదు చేయండి.