మౌంటెయిన్ బైక్ ట్రైల్స్: నిన్న లేని తీగ, నేడు పడిన చెట్టు.. అనుకోని ప్రమాదం ఎదురైతే ఏం చేయాలి? ఎవరికి ఫోన్ చేయాలి?

వారాంతం వస్తే గేర్ సైకిళ్లతో ఊరి బయటి కొండల వైపు వెళ్లేవారు హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో చాలామందే ఉన్నారు. మట్టిబాటలో రాళ్లు, గుంతలు ఉంటాయని తెలిసే వెళ్తారు. అయితే, తీవ్రంగా గాయపరిచేవి తరచూ అవి కావు. పోయిన వారం ఆ బాటలో లేనివి. రాత్రి గాలికి కూలిన చెట్టు, వాన కోసేసిన గట్టు, పొలం చుట్టూ కొత్తగా లాగిన తీగ.

రోడ్డు మీద అడ్డంకి ఉంటే బారికేడో, బోర్డో పెడతారు. ట్రైల్ మీద అలాంటివి ఉండవు. అందుకే ఏవి ఎదురుకావచ్చు, ఎదురైతే ఏ శాఖకు చెప్పాలి అన్నది ముందే తెలుసుకోవాలి.

తెలిసిన బాటే కదా, భయమెందుకు?

అలవాటైన బాటలోనే వేగం పెరుగుతుంది. ఈ లెక్క చూడండి. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు అయిదున్నర మీటర్లు. అడ్డంకిని చూసి బ్రేకు నొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, ఆలోపే అంత దూరం వెళ్లిపోతారు. వదులు కంకర మీద సైకిల్ ఆగడానికి సుమారు మరో 5 మీటర్లు కావాలి. మొత్తం 11 మీటర్ల వరకు అవుతుంది. అదే 30 కిలోమీటర్ల వేగంలో అయితే దాదాపు 20 మీటర్లు. వాలులో దిగుతుంటే ఇంకా ఎక్కువే.

కాబట్టి సూత్రం ఒక్కటే: కళ్లకు ఎంత దూరం బాట కనిపిస్తోందో, ఆ లోపు ఆగగలిగే వేగంలోనే వెళ్లాలి. మలుపు అవతల ఏముందో కనిపించకపోతే, మలుపుకు ముందే వేగం తగ్గించాలి. తెలిసిన బాటైనా మొదటి రౌండు నెమ్మదిగా తిరిగి చూడాలి. గుంపుగా వెళ్తే ఒకరి వెనుక ఒకరు అంటుకుని కాకుండా ఎడం పాటించాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఏది?

తీగ. ముళ్లకంచె తీగ, పశువులు రాకుండా కట్టిన జీఐ తీగ పొద్దున్నే, సాయంత్రం వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు దగ్గరికొచ్చే దాకా కనిపించవు. సరిగ్గా మెడ, ఛాతీ ఎత్తులో తగులుతాయి. బాటకు రెండు వైపులా కొత్తగా పాతిన కర్రలు కనిపిస్తే మధ్యలో తీగ ఉందనే అనుకోండి. దిగి చూడండి.

ఇంకా ప్రాణాంతకమైనది కరెంటు తీగ. అడవి పందుల బెడదకు కొందరు పొలాల చుట్టూ, అడవి అంచున రాత్రిపూట తీగలు లాగి నేరుగా విద్యుత్ లైన్ నుంచి కరెంటు పెడుతున్నారు. పంట నష్టం నిజమే అయినా, ఇది చట్టవిరుద్ధం. వన్యప్రాణి సంరక్షణ చట్టం–1972, విద్యుత్ చట్టం–2003 కింద కేసులు పెట్టవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి తీగలకు మనుషులు, పశువులు బలైన ఘటనలున్నాయి. తెల్లవారుజామున తీగలు తీయకముందే బయల్దేరే సైక్లిస్టులకు ఈ ముప్పు ఎక్కువ. పొలం గట్ల మీదుగా షార్ట్‌కట్‌లు వద్దు.

తీగకు ఎవరైనా తగిలి పడి ఉంటే వెంటనే వెళ్లి పట్టుకోవద్దు. కర్రతో కదిపే ప్రయత్నమూ వద్దు. దూరంగా ఉండి 1912కు ఫోన్ చేసి సరఫరా ఆపమని చెప్పండి. 112కూ చెప్పండి. కరెంటు ఆగిందని నిర్ధారణ అయ్యాకే దగ్గరికి వెళ్లండి.

ఇంకా ఏవి ఎదురవుతాయి?

గట్టు లేని బావులు: పాత వ్యవసాయ బావుల చుట్టూ పొదలు పెరిగి, అంచు తెలియదు. బాట విడిచి పొదల్లోకి సైకిల్ పోనివ్వొద్దు.

వాన తర్వాతి బాట: నీళ్లు నిండిన గుంత లోతు పైనుంచి తెలియదు. నాచు పట్టిన బండ మీద గట్టిగా బ్రేకు నొక్కితే సైకిల్ జారుతుంది. బండ రాకముందే వేగం తగ్గించాలి.

తేనెటీగలు: పెద్ద చెట్లకు, బండలకు పట్టు కనిపిస్తే చప్పుడు చేయకుండా దాటిపోవాలి. దాడి చేస్తే చేతులు ఊపకుండా, ముఖం కప్పుకుని వీలైనంత దూరం వెళ్లాలి.

పాములు: కాటేస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా తాడు కట్టడం చేయొద్దు. ఉంగరం, వాచీ తీసేసి, కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పామును వెతుకుతూ సమయం వృథా చేయొద్దు.

కుక్కలు: వెంటపడితే సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకూ మధ్య ఉంచుకుని మెల్లగా వెనక్కి జరగాలి. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా వేయించుకోవాలి.

ఫోన్ చేస్తే ఏం చెప్పాలి?

గాయపడితే 108. పోలీసు సహా ఏ అత్యవసరానికైనా 112. మీ సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా అక్కడ వేరే కంపెనీ సిగ్నల్ అందుతుంటే సాధారణంగా 112 కలుస్తుంది.

అసలు ఇబ్బంది చోటు చెప్పడంలోనే వస్తుంది. ‘కొండ మీద ఉన్నాం’ అంటే ఎవరూ రాలేరు. ఇంటర్నెట్ లేకున్నా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది. మ్యాప్‌లో మీరున్న చోటును నొక్కి పట్టుకుంటే వచ్చే అక్షాంశ, రేఖాంశ అంకెలు చదివి చెప్పండి. దగ్గరి ఊరి పేరు, అంబులెన్స్ రాగలిగే రోడ్డు చెప్పండి. ఒకరు ఆ రోడ్డు దగ్గర నిలబడాలి. తల, మెడ దెబ్బలుంటే బాధితుణ్ని కదపొద్దు. ఊపిరికి అడ్డమైతే తప్ప హెల్మెట్ తీయొద్దు.

అడవిలోకి అనుమతి అవసరమా?

అవును. విశాఖ పక్కనున్న కంబాలకొండ లాంటి అభయారణ్యాల్లోకి వెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. రిజర్వు ఫారెస్టులకూ ఆంక్షలున్నాయి. బయల్దేరే ముందు స్థానిక రేంజ్ కార్యాలయంలో అడిగి, అక్కడి నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

అడ్డంకిని ఎవరు తొలగించాలి?

అటవీ భూమిలో కూలిన చెట్టైతే రేంజ్ కార్యాలయానికి, ఊరి బాటలోని బావి, గుంతలైతే పంచాయతీ కార్యదర్శికి, కరెంటు తీగలైతే 1912కు చెప్పాలి. బాటకు అడ్డంగా కావాలనే తీగ కట్టినట్టు అనిపిస్తే ఫొటో తీసి పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే చర్య భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125 కింద నేరం.

చికిత్స ఖర్చు ఎవరిది?

రోడ్డు ప్రమాద బాధితులకు రూ.1.5 లక్షల వరకు నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్రం 2025 మేలో నోటిఫై చేసింది. అయితే అది మోటారు వాహనం వల్ల జరిగిన ప్రమాదాలకే. ట్రైల్ మీద సైకిల్ నుంచి మీరే పడితే అది వర్తించదు. మీ ఆరోగ్య, వ్యక్తిగత ప్రమాద బీమా పాలసీల్లో సాహస క్రీడలకు మినహాయింపు ఉందేమో వెళ్లే ముందే చూసుకోండి.