ఊరికే ఇస్తానన్నా వద్దన్నారు

2002లో చిప్ కంపెనీ ఏఎండీ, కంప్యూటర్లు చేసే హెచ్‌పీ దగ్గరికి ఒక బేరంతో వెళ్లింది. పది లక్షల ప్రాసెసర్లు ఇస్తాం, పైసా ఇవ్వక్కర్లేదు అంది. హెచ్‌పీ 1,60,000 మాత్రం తీసుకుని మిగతావి వద్దంది. ఊరికే వచ్చే సరుకును వ్యాపారి ఎందుకు కాదంటాడు?

ఏఎండీకి, పెద్ద చిప్ కంపెనీ ఇంటెల్‌కు మధ్య పోరు అప్పటికే పాతది. 1981లో ఐబీఎం తన పీసీకి ఇంటెల్ 8088ను ఎంచుకుంది. ఒక్కరినే నమ్ముకోవడం ఇష్టం లేక, అదే చిప్ చేసే రెండో కంపెనీ కూడా ఉండాలంది. అలా 1982లో ఇంటెల్, ఏఎండీ ఒప్పందం చేసుకున్నాయి. తీరా 386 చిప్ వచ్చేసరికి ఇంటెల్ డిజైన్ ఇవ్వలేదు. 1995 రాజీ దాకా తగాదా నడిచింది. ఈలోగా ఏఎండీ సొంత డిజైన్లు నేర్చుకుంది. 2003లో వచ్చిన దాని ఆప్టెరాన్, పాత సాఫ్ట్‌వేర్‌ను అలాగే నడుపుతూ 64 బిట్‌లకు దారి వేసింది.

సరుకు బాగుంది. అడ్డుపడింది రిబేటు. ఉదాహరణకు ఒక కంపెనీకి వంద చిప్‌లు కావాలి, ఒక్కోటి వంద రూపాయలు. అన్నీ తన దగ్గరే కొంటే పెద్ద కంపెనీ చిప్‌కు పది రూపాయలు వెనక్కిస్తుంది. మొత్తం ఖర్చు 9,000. అందులో పది చిప్‌లు పోటీదారు ఊరికే ఇచ్చాడనుకుందాం. మిగతా తొంభైకి రిబేటు పోయింది కాబట్టి వాటికే 9,000 కట్టాలి. మిగిలింది సున్నా. పోటీదారు ఒక్క రూపాయి అడిగినా నష్టమే. ఆ తొంభై అతను ఎలాగూ సరఫరా చేయలేడు, కొనేవాళ్లూ పెద్ద కంపెనీ పేరే అడుగుతారు.

యూరోపియన్ కమిషన్ 2009 మేలో బయటపెట్టిన షరతులు ఈ తరహావే. హెచ్‌పీ తన బిజినెస్ డెస్క్‌టాప్ చిప్‌లలో 95 శాతం ఇంటెల్ దగ్గరే కొనాలి. మరో కంప్యూటర్ కంపెనీ ఎన్ఈసీకి ఆ వంతు 80 శాతం. డెల్ మొత్తం అక్కడే కొనాలి. హెచ్‌పీ షరతు కాగితం మీద కూడా లేదని కమిషన్ తేల్చింది. జరిమానా 106 కోట్ల యూరోలు. జపాన్ వాణిజ్య కమిషన్ 2005లోనే తప్పుపట్టింది. అదే ఏడు జూన్‌లో ఏఎండీ డెలావేర్‌లో దావా వేసింది. 2009 నవంబరులో ఇంటెల్ 125 కోట్ల డాలర్లిచ్చి ఏఎండీతో రాజీపడింది. ఆ రిబేట్ల రుచి ఎంతటిదో 2010లో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ చెప్పింది: ఒక త్రైమాసికంలో డెల్ నిర్వహణ లాభంలో 76 శాతం ఇంటెల్ చెల్లింపులదే.

జరిమానా మీద మాత్రం ఇంటెల్ వదల్లేదు. 2017లో యూరప్ అత్యున్నత న్యాయస్థానం ఒక మెలిక పెట్టింది. షరతు ఉందని చూపితే చాలదు, అంతే సమర్థుడైన పోటీదారు నష్టపోకుండా ఆ రిబేటుకు దీటు ఇవ్వగలడా లేదా అన్నది తేల్చాలంది. కమిషన్ వేసిన లెక్కలో తప్పులున్నాయని 2022లో కింది కోర్టు రిబేట్ల భాగాన్ని కొట్టేసింది. 2024 అక్టోబరులో అదే ఖాయమైంది. ఏఎండీ యంత్రాలను ఆలస్యం చేయడానికి, ఆపడానికి తయారీదారులకు నేరుగా డబ్బిచ్చిన తప్పు మాత్రం మిగిలింది. దానికి కమిషన్ 2023లో 37.6 కోట్ల యూరోలు వేసింది.

పది లక్షల చిప్‌లు ముందు పెట్టుకుని 2002లో హెచ్‌పీ వేసుకున్నదీ ఆ రిబేటు లెక్కే. వ్యాపారి అప్పటికప్పుడు తేల్చుకున్నదాన్ని కోర్టులో నిరూపించబోయి, ఇన్నేళ్లకు కమిషన్ ఓడిపోయింది.