పియానో పెట్టెల్లో కోళ్ల గూళ్లు

1917లో మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగిన అమెరికా, తిండి కోసం పెరళ్ల వైపు కూడా చూసింది. ఇంట్లో తలకు రెండేసి పెట్టల చొప్పున పెంచుకోమని వ్యవసాయ శాఖ పోస్టర్లు వేయించింది.

మరి గూడో?

కొత్త కలప కొనక్కర్లేదంది ఆ శాఖ చిన్న పుస్తకం. పియానోలు వచ్చిన ఖాళీ చెక్కపెట్టెలు రెండు తెచ్చి, వెనక పలకలు ఊడదీసి, ఒకదానికొకటి మేకులతో బిగించి, ఓ చివర తలుపు కోస్తే చాలు. వానా గాలీ చొరకుండా పైన తారు కాగితం కప్పాలి. తలుపులో కొంత భాగం మాత్రం తెరిచే ఉంచాలి, లేదా పలుచని గుడ్డ బిగించాలి. అన్నిటిలోకీ తెలివైన సలహా ఇదే. గాలాడని గూట్లో చెమ్మ చేరుతుంది, కోళ్లకు జబ్బు చేస్తుంది. పాత గూడు బాగుచేసేవారు ఈనాటికీ ముందు చూసుకోవాల్సింది గాలి దారినే.

పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయనీ, వంటింట్లో మిగిలింది వాటికి మేపొచ్చనీ కూడా పట్నవాసులకు ఆ పుస్తకమే చెప్పింది.