లస్కరు మాట

పల్నాడులో ఒక కాలువ గట్టు మీద కొన్నేళ్ల క్రితం ఒక లస్కరుతో మాట్లాడాను. గట్టు లోపలివైపు రాతికట్టు కింద మట్టి జారుతోంది. పైవాళ్లకు చెప్పావా అని అడిగాను. "చెబితే ఇన్నాళ్లూ నువ్వేం చూస్తున్నావంటారు సారూ. చెప్పకపోతే తెగినప్పుడే గదా అడిగేది" అన్నాడు. ఇంజనీరింగు శాఖల చరిత్రంతా ఆ రెండు వాక్యాల్లో ఉందని నాకనిపించింది.

లస్కరు అనే మాటే సైన్యం నుంచి వచ్చింది. పారశీకంలో లష్కర్ అంటే సైన్యం, దండు. 1854లో డల్హౌసీ ప్రజాపనుల శాఖను ఏర్పాటు చేసేదాకా ఈ దేశంలో కాలువలూ రోడ్లూ మిలటరీ బోర్డుల చేతిలో ఉండేవి. శాఖ మారింది గాని పై పదవుల్లో ఆ సైనిక ఇంజనీర్లే మిగిలారు. ఆజ్ఞ కిందికి దిగాలి, నివేదిక ఒక్కొక్క మెట్టే పైకి ఎక్కాలి, మెట్టు దాటి మాట్లాడటం నేరం. వలస పాలన మనకు ఆనకట్టలనే కాదు, ఈ మెట్లనూ కట్టి ఇచ్చిపోయింది. స్వతంత్ర ప్రభుత్వం వాటిని కూల్చలేదు. 1964 నాటి మన రాష్ట్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి కూడా ప్రభుత్వ విధానాన్ని బహిరంగంగా విమర్శించడాన్ని నిషేధించింది.

మెట్టు దాటకుండానే మనిషిని అణచగల సాధనం రహస్య నివేదిక. దేవ్‌దత్ అనే ఆయన సరిహద్దు రోడ్ల ఇంజనీరింగు సర్వీసులో ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. ఒక ఏడాది ఆయనకు 'బాగు' అని రాశారు. పదోన్నతికి 'చాలా బాగు' ఉండాలి. 'బాగు' అన్నది చెడ్డ మాట కాదు కనుక ఆయనకు చెప్పనేలేదు. ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయవలసిందేనని 2008లో సుప్రీంకోర్టు ఆయన కేసులోనే తీర్పు చెప్పింది. అంతకు ముందు ఎందరి నోళ్లు ఆ 'బాగు'తో మూతపడ్డాయో లెక్క తేల్చేదెవరు?

మన గడప దగ్గరికే వద్దాం. 2013లో ప్రారంభమైన పులిచింతలకు కె.ఎల్.రావు పేరు పెట్టుకున్నాం. ఇరవై నాలుగు గేట్ల ఆ ప్రాజెక్టులో 2021 ఆగస్టు 5 తెల్లవారుజామున నీళ్లు వదలడానికి గేట్లు ఎత్తుతుండగా పదహారో గేటు కొట్టుకుపోయింది. ఎనిమిదేళ్ల కట్టడం! ఆ ఒక్క ఖాళీని మూయడానికి నిండుకు దగ్గరగా ఉన్న జలాశయాన్ని దించుకోవలసి వచ్చింది. అదే ఏడు నవంబరు 19న కడప జిల్లా చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టులో వరద వచ్చినప్పుడు అయిదు గేట్లలో ఒకటి లేవలేదు. మట్టికట్ట తెగింది, దిగువ ఊళ్ల మీద పడింది, మనుషులు పోయారు. డిసెంబరులో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టం చేసింది. సాంకేతిక కారణాలు నిపుణులు చెబుతారు. నా ప్రశ్న వేరు. గేటు ముందు ఏళ్ల తరబడి నిలబడే మనిషికి, దాని గురించి నిర్భయంగా నోరు విప్పే హక్కు ఎప్పుడైనా ఇచ్చామా?

ఇది పేద దేశాల జబ్బని సర్దిచెప్పేవాళ్లున్నారు. 1986 జనవరి 27 రాత్రి అమెరికాలో, ఆ చలిలో ఛాలెంజర్‌ను ఎగరేయవద్దని రాకెట్టు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లే వాదించారు. యాజమాన్యం వాళ్లను పక్కనబెట్టి సరేనంది. మర్నాడు ఏడుగురు చనిపోయారు. అక్కడ మాట్లాడారు, వినలేదు. ఇక్కడ మాట్లాడితే ఏమవుతుందో సత్యేంద్ర దూబేను అడగాలి. జాతీయ రహదారుల పనుల్లో అవినీతిని గురించి 2002లో ప్రధాని కార్యాలయానికి రాసి, తన పేరు దాచమని కోరాడు. దాచలేదు. ఉత్తరం శాఖల బల్లల మీద తిరిగింది. 2003 నవంబరులో గయలో అతన్ని కాల్చి చంపారు.

మన రచయితలు ఇంజనీరును రెండు విధాలుగానే చూశారు: లంచగొండి, లేదా దేశనిర్మాత. తప్పు తెలిసీ నోరు విప్పలేని మామూలు అసిస్టెంటు ఇంజనీరు మన కథల్లో ఎక్కడ? దగ్గరగా వచ్చినవాడు రావిశాస్త్రి ఒక్కడే. 'అల్పజీవి' సుబ్బయ్య ఇంజనీరు కాడు, గుమాస్తా. కాని కంట్రాక్టరు గవరయ్య ముందు అతను పడే వణుకు ఏ వర్క్ ఇన్‌స్పెక్టరైనా ఎరిగినదే. సుబ్బయ్య పిరికితనాన్ని స్వభావంగా చూసి నవ్వుకున్న విమర్శకులతో నాకు పేచీ ఉంది. జీతం, బదిలీ, పిల్లల చదువు, ఒకరి సంతకం - ఇవి కలిసి తయారుచేసిన భయం అది. దాన్ని వ్యక్తి దోషంగా చూపితే తప్పించుకునేది వ్యవస్థే.

ఆ లస్కరు పిరికివాడేం కాదు. ఆ సాయంత్రమే నాలుగు ఇసుక బస్తాలు తనే మోసుకొచ్చి మట్టి జారినచోట వేశాడు. ఎందుకు, ఎవరు వేశారని అడుగుతారేమోనని పైన గడ్డి కప్పాడు.