కాలు నడక, చేతి కబురు: డ్రమ్ ఫిల్ పుట్టుక

తెనాలి, రేపల్లె, బాపట్ల మధ్య ఊళ్లలో పెళ్లి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళాన్ని గమనిస్తే డ్రమ్ కిట్ పుట్టుక సగం అర్థమవుతుంది. పెద్ద డ్రమ్ము ఒకరిది, సైడ్ డ్రమ్ము ఇంకొకరిది, తాళాలు మరొకరివి. పందొమ్మిదో శతాబ్దం చివర న్యూ ఆర్లీన్స్ బ్యాండ్లలోనూ ఇదే ఏర్పాటు. ఆ బ్యాండ్లు వీధి వదిలి నాటకశాలల్లోకి చేరాక అంతమందికి చోటూ చాలలేదు, డబ్బూ చాలలేదు. ముగ్గురి పని ఒక్కరే కూర్చుని చేయాల్సి వచ్చింది. అంతకుముందూ పెడళ్లు ఉన్నాయి గానీ, 1909లో విలియం ఎఫ్. లడ్విగ్ పేటెంట్ పొందిన పెడల్‌తో పెద్ద డ్రమ్ము వేగంగా, నమ్మకంగా కాలి కిందికి వచ్చింది. చేతులకు తీరిక దొరికింది. ఫిల్ అక్కడే పెరిగిందని నా అభిప్రాయం. కాలు నడక నిలుపుతుంటే, పాట మలుపు తిరగబోతోందని చేతులు తోటివాళ్లకు పంపే కబురది.

ఫిల్ అంటే చేతివాటం చూపించడమేగా అనేవారున్నారు. 1937లో బెనీ గుడ్‌మన్ బృందం రికార్డు చేసిన ‘సింగ్ సింగ్ సింగ్’లో డ్రమ్మర్ జీన్ క్రూపా వాయించింది ప్రదర్శనే, కాదనను. అయితే అది సోలో. 1981లో వచ్చిన ఫిల్ కాలిన్స్ ‘ఇన్ ది ఎయిర్ టునైట్’ వినండి. మూడు నిమిషాలకు పైగా యంత్రం దరువే నడుస్తుంది. తర్వాత కొద్దిపాటి దెబ్బలతో అసలు డ్రమ్ములు దిగుతాయి. ఆ దెబ్బల్లో వేగం లేదు. అవి పడిన చోటే వాటి బలం.

మృదంగంలో ముక్తాయింపు ఉందిగా, ఇదీ అదేగా అనవచ్చు. ముక్తాయింపు ఒక అల్లికను మూడుసార్లు వాయించి, లెక్క తేల్చి ముగిస్తుంది. ఫిల్ తర్వాతి చరణానికి తలుపు తీస్తుంది. దానికి దగ్గరి పోలిక నాకు బుర్రకథలో కనిపిస్తుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920–1997) ఊరూరా వినిపించిన ఆ కళలో, పాట నుంచి వచనానికి మళ్లేచోట వంతలు వాయించే గుమ్మెటల మోతే మలుపుకు గుర్తు.

అందుకే అమృతలూరులో చర్చి పాటలకో ఆర్కెస్ట్రాకో డ్రమ్స్ నేర్చుకునే పిల్లలకు పొడవాటి ఫిల్‌లతో మొదలుపెట్టించడం నాకు సమ్మతం కాదు. చిన్న ఫిల్ చప్పగా ఉంటుందన్న మాట నిజమే. కానీ లెక్క తప్పిన పొడవాటి ఫిల్‌తో పాడేవాళ్లు ఎత్తుగడ దగ్గరే తడబడతారు. ముందు నాలుగు దెబ్బల లెక్కలో నాలుగో దెబ్బ స్థానంలో మాత్రం స్నేర్ (సైడ్ డ్రమ్ము)పై ‘తకధిమి’, కుడి ఎడమ, కుడి ఎడమ. వెంటనే ఒకటో దెబ్బకు క్రాష్ తాళం, పెద్ద డ్రమ్ము కలిసి పడాలి. అది నిలిచాక ‘తక’ స్నేర్ మీద, ‘ధిమి’ టామ్ డ్రమ్ము మీద. ఆపైన ‘ధి’ని వాయించకుండా వదిలి, అంత వ్యవధినీ మనసులోనే లెక్కించి ‘మి’ కొట్టడం.