పొలం, ఇల్లు కలిపి అమ్ముతున్నారా? పన్ను లెక్క ఒకటి కాదు, రెండు

వరంగల్ చుట్టుపక్కల చాలా కుటుంబాలకు పొలంలోనే ఇల్లు ఉంటుంది. అమ్మేటప్పుడు రెండింటికీ కలిపి ఒకే ధర మాట్లాడుకుంటారు. ఆదాయపు పన్ను శాఖ మాత్రం పొలాన్ని, ఇంటిని వేరువేరుగా చూస్తుంది. ఈ తేడా ముందే తెలుసుకుంటే లక్షల్లో పన్ను ఆదా కావచ్చు.

పొలం ఎక్కడుంది?

గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మితే వచ్చిన లాభంపై పన్ను లేదు. ఏది గ్రామీణమో జనాభాను, దూరాన్ని బట్టి తేలుస్తారు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ జనాభా 2011 లెక్కల ప్రకారం లక్షకు పైన, 10 లక్షల లోపు. కాబట్టి కార్పొరేషన్ పరిధిలోని భూమి, హద్దు నుంచి 6 కిలోమీటర్ల లోపు ఉన్న భూమి పట్టణ భూమి కిందికే వస్తాయి. విలీనమైన మడికొండ, హసన్‌పర్తిలో ఇప్పటికీ వరి పండుతున్నా ఇదే వర్తిస్తుంది. నర్సంపేట, పరకాల వంటి చిన్న మున్సిపాలిటీలకు ఈ దూరం 2 కిలోమీటర్లు. దూరాన్ని రోడ్డు మీద కాదు, సరళరేఖలో కొలుస్తారు.

ఇంటి సంగతేంటి?

పొలం గ్రామీణమైనా అందులోని ఇంటికి, దాని కింద ఉన్న స్థలానికి ఆ మినహాయింపు లేదు. ఇంటి లాభంపై పన్ను లెక్కించాల్సిందే. అందుకే ఒప్పందంలోనే పొలం ధర, ఇంటి ధర విడివిడిగా రాయించుకోండి. ఎలాగూ తెలంగాణలో సాగు భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దార్ కార్యాలయంలో, ఇంటి రిజిస్ట్రేషన్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర జరుగుతాయి.

పన్ను ఎంత?

రెండేళ్లకు మించి మీ దగ్గర ఉన్న ఆస్తి అయితే లాభంపై 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్న ఆస్తి అయితే, ద్రవ్యోల్బణం సర్దుబాటుతో 20 శాతం లెక్క కూడా వేసి, ఏది తక్కువైతే అది కట్టవచ్చు. ఇది దేశంలో నివసించే వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకు మాత్రమే. వారసత్వంగా వచ్చిన ఆస్తికి మీ పెద్దలు కొన్న ధరే ఆధారం. 2001 ఏప్రిల్ 1కి ముందుదైతే ఆ రోజు నాటి విలువ తీసుకోవచ్చు.

తగ్గించుకునే దారులు

పట్టణ పొలం: అమ్మకానికి ముందు రెండేళ్లూ మీరు గానీ మీ తల్లిదండ్రులు గానీ సాగు చేసి ఉండి, అమ్మిన రెండేళ్లలోపు వేరే సాగు భూమి కొంటే ఆ మేరకు పన్ను ఉండదు. కొత్త భూమిని మూడేళ్లలోపు అమ్మితే ఈ ప్రయోజనం పోతుంది.

ఇల్లు: వచ్చిన లాభంతో రెండేళ్లలోపు మరో ఇల్లు కొన్నా, మూడేళ్లలోపు కట్టుకున్నా మినహాయింపు ఉంది.

ఉదాహరణకు, పట్టణ పరిధిలోని పొలంపై 80 లక్షల లాభం వచ్చిందనుకోండి. 12.5 శాతం చొప్పున పన్ను 10 లక్షలు. 50 లక్షలతో వేరే పొలం కొంటే పన్ను 30 లక్షల మీదే, అంటే 3.75 లక్షలు. సెస్, సర్‌ఛార్జీ అదనం.

రిటర్న్ గడువులోగా కొనలేకపోతే ఆ డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో జమ చేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉంచితే మినహాయింపు రాదు.

ఇవి మరవకండి

• అమ్మే ముందే నాలా మార్పిడి చేయించమని కొనేవారు అడిగితే తొందరపడకండి. భూమి వ్యవసాయేతరం అయితే పొలానికి ఉన్న మినహాయింపులు చేజారే ప్రమాదం ఉంది.
• ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోస్తారు. గ్రామీణ సాగు భూమికి ఇది వర్తించదు.
• పట్టాదారు పాసుపుస్తకం, పహాణీ, ఇంటి పన్ను రసీదులు, పంట అమ్మిన రసీదులు భద్రపరచండి. సాగు చేశామని నిరూపించాల్సింది మీరే.

అడ్వాన్స్ తీసుకునే ముందే చార్టర్డ్ అకౌంటెంట్‌ను కలవండి. రిజిస్ట్రేషన్ అయ్యాక ధరల విభజన మార్చడం కష్టం.